సముద్రం వైపు తిరిగిన టెంటు

యారాడ,
9 ఫిబ్రవరి 2025.

ప్రియమైన కేథరిన్‌కు,

ఈశ్వరి నమస్కారాలు. నువ్వు, మీ అమ్మ జయమణి ఆంటీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమూ కులాసాయే. మా తమ్ముడు వరహాలు కూడా ఇంట్లోనే ఉన్నాడు. ఈ ఒక్క మాట రాయగలగడం ఎంత పెద్ద సంగతో ఉత్తరం చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది. మూడు నెలలుగా నీ ఫోను ఎత్తని మనిషి ఉత్తరం రాసిందేమిటా అని నవ్వుతున్నావు కదూ? నవ్వు. ఫోనులో అయితే మళ్ళీ అరుస్తాను. కాగితం మీద అరవడం నాకింకా చేతకాలేదు.

మా పడవల దగ్గరికి వెళ్ళే దారికి అడ్డంగా ఆ రిసార్టు వాళ్ళు కంచె వేసినప్పుడు నువ్వొచ్చావు, అందరి మాటలూ కెమెరాలో పట్టుకెళ్ళావు. మీ చానెల్‌లో ఒక్క ముక్క రాలేదు. అంగన్‌వాడీలో పిల్లల్ని పడుకోబెట్టి రోజూ ఫోనులో మీ వార్తలే చూశాను. పైవాళ్ళు పక్కన పడేశారని నువ్వు చెప్పినా నాకు కోపం దిగలేదు. అయినా టీవీలో వస్తే కంచె ఊడుతుందా, నీ ఉద్యోగం నువ్వు చేసుకోవే అన్నాను.

తర్వాత మేం టెంటు వేశాం. రిలే నిరాహార దీక్షలు. మెడలో దండలు, సాయంత్రానికి నిమ్మరసం, అన్నీ పద్ధతిగానే. టెంటు మాత్రం సముద్రం వైపు తిప్పి వేశాం. మాకు ఎక్కడ కూర్చున్నా ముఖం అటే ఉండాలి, వెళ్ళిన పడవ కనిపించాలి కదా. పొద్దున మంచులో డాల్ఫిన్స్ నోస్ కొండ సగం కరిగిపోయేది. లంగరేసిన ఓడలు నీళ్ళ మీద కాకుండా గాలిలో నిలబడినట్టుండేవి. ఖాళీ కడుపుతో చూస్తుంటే కళ్ళు వాటంతటవే మూతపడేవి. కూర్చున్నామో, కలగంటున్నామో తెలిసేది కాదు. ఓడ కూతవేస్తే మాకే జవాబు చెప్పిందనుకునేవాళ్ళం. రోడ్డు మీద కార్లలో పోయేవాళ్ళకు మాత్రం నీలం టార్పాలిన్ వెనకభాగం కనిపించేది, అంతే. ఎవరిదో పెళ్ళి వంటల పందిరి అనుకున్నారట! ఇటు తిప్పుదామంటే మా అమ్మ అసిరమ్మ, "సంద్రానికి ఈపు పెట్టి ఎవులైనా కూకుంటారేటే?" అని నన్ను కసిరింది.

గురువారం తెల్లారి వరహాలును పోలీసులు జీపెక్కించుకుపోయారు. కంచె స్తంభం పీకాడట. స్టేషనుకు పరిగెడితే అలాంటి మనిషెవరూ ఇక్కడికి రాలేదన్నారు. వాడి చెప్పులు మా గుమ్మం దగ్గరే ఉండిపోయాయి కేథీ. అమ్మ వాటిని పట్టుకొచ్చి, "ఈ సెప్పులోడు మా గుంటడు బాబూ, నోపల ఉన్నాడో నేదో ఒక్క మాట సెప్పండి" అని బతిమాలింది. చెప్పులు ఎవరివైనా కావచ్చన్నాడు కానిస్టేబులు. శుక్రవారమూ అదే మాట. ఆ ఎండలో నిలబడి నిలబడి, నాకసలు తమ్ముడున్నాడా అని నాకే అనుమానం వచ్చింది. అంత భయం నేనెప్పుడూ పడలేదు.

శనివారం పొద్దున కెమెరా వచ్చింది. భుజం మీద మోసే పెద్ద కెమెరా, దాని నెత్తిన తెల్లటి లైటు. తెచ్చినతను స్టేషను ముందు నిలబడి లైటు వేసి అమ్మను మాట్లాడమన్నాడు. అమ్మ చెప్పులు ఎత్తిపట్టుకుని కొడుకు పేరు, వాళ్ళ నాన్న పేరు, పడవ నంబరు చెప్పింది. ఏ చానెలని లోపల్నుంచి అడిగారు. మీ చానెల్ పేరు చెప్పాం. అంతే, కుర్చీలొచ్చాయి, టీ వచ్చింది, కాసేపటికి అక్కడ లేని మనిషి కుంటుకుంటూ నడిచి బయటికొచ్చాడు. అమ్మ వంగి వాడి కాళ్ళకు చెప్పులు తొడిగింది.

కొట్టినప్పుడు తలుపులు మూసే ఉన్నాయట. చూసేవాళ్ళు లేకపోతే ఉన్న మనిషిని లేడనడం ఎంత తేలికో! టీవీ వల్ల ఏమొస్తుందని నిన్నడిగాను కదా, మా వరహాలు వచ్చాడు.

ఇవాళ టెంటు రోడ్డు వైపు తిప్పాం. మొదటి తాడు అమ్మే విప్పింది. కార్లు ఆగుతున్నాయి, జనం దిగి అడుగుతున్నారు. సముద్రం వెనక ఉంటే మాకు నిద్రలో నడుస్తున్నట్టుంది. అమ్మ మాటిమాటికీ తిరిగి, అది ఉందా లేదా అని చూసుకుంటోంది.

కెమెరా నువ్వే పంపావని అమ్మ నమ్మకం. నీకోసం ఎండు నెత్తళ్ళు కట్టింది. పూర్ణా మార్కెట్‌కు చేపలు తీసుకెళ్ళే ఆటోలో ఈ ఉత్తరంతో పాటే వస్తాయి. వేయించే ముందు తలలు తుంచవే, నీకసలే బద్ధకం.

కోపం సగం తగ్గిన నీ నేస్తం,
ఈశ్వరి

తా.క.: ఆ కెమెరా మన జ్యోతిర్మయి పెళ్ళి వీడియో తీసిన డానీది. నేనే బతిమాలి తీసుకొచ్చాను. లోపల కార్డు లేదు. కార్డులో ఎవరిదో పెళ్ళి ఉందట, పోలీసులు లాక్కుంటే ఆ పెళ్ళివారు తంతారని ఇంట్లోనే పెట్టి వచ్చాడు. అమ్మకు ఈ సంగతి తెలియదు. తన మాటలు ఎప్పుడొస్తాయా అని నిన్న రాత్రంతా టీవీ ముందే కూర్చుంది. స్టేషను వాళ్ళూ చూస్తూనే ఉంటారు. రేపు పొద్దున వరహాలును మళ్ళీ రమ్మన్నారు. ఏమీ లేని కెమెరాకే వాణ్ణి బయటికి పంపారు. నువ్వు కార్డున్న కెమెరాతో రా. వాడు ఇంట్లో కూడా చెప్పులు విప్పడం లేదు.