ఆరింటి మిస్డ్ కాల్

మంగళవారం, మార్కాపురం

ఇవాళ పొద్దున ఆరింటికి సార్ మిస్డ్ కాల్ రాలేదు. నేను నాలుగుసార్లు చేసినా ఎత్తలేదు. కాలేజీకి సెలవు చెప్పి గిద్దలూరు బస్సెక్కాను, అక్కణ్ణుంచి రాచర్లకు ఆటో. దారంతా పిచ్చి ఆలోచనలే.

యూనివర్సిటీల కంప్యూటర్లను ఫోను లైన్లతో కొత్తగా కలుపుతున్న రోజుల్లో సార్ తన కింద ఆ పని చేసే మాకు పెట్టిన నియమం అది. పొద్దున ఆరింటికి ఆయన ఆ లైన్ల మీద "ఉన్నాను" అని ఒక్క మాట పంపేవారు. ప్రతి ఊరి నుంచీ "ఉన్నాను" అని జవాబు వెళ్ళాలి. వైస్ చాన్సలరయ్యాక కూడా మానలేదు. రిటైరై రాచర్లలో తమ్ముడింటికి చేరాక ఆ మాటే మిస్డ్ కాల్ అయింది. ఆయన ఒకటి ఇస్తారు, నేను తిరిగి ఒకటి ఇస్తాను.

వెళ్ళేసరికి మేకలకు మేత వేస్తున్నారు.

"ఏందమ్మా, చెప్పకుండా వచ్చినావు?"

"కాల్ రాలేదు సార్."

"ఇచ్చినానే! నువ్వు తిరిగి ఇచ్చినావు గదా, మోగింది. ఫోను మంచం మీద పడేసి ఇట్ల వచ్చినా."

మంచం మీది ఆయన ఫోను తీసి చూశాను. సార్ ఎవరి నంబరూ సేవ్ చేసుకోరు, అన్నీ నోటికే. నా నంబరులో చివరి అంకె తప్పు నొక్కారు. ఆయన విన్నది నా కంగారు కాల్.

ఆయన తప్పడమేంటి?

చెప్పలేకపోయాను. "నేనే చూసుకోలేదు సార్" అన్నాను. "లైను బాగనే ఉంటాది, మనుషులే చూసుకోరు" అని తిట్టి, దగ్గర కూర్చుని జొన్నరొట్టె తినిపించారు.

అలారం ఐదూ యాభై ఐదుకు పెట్టాను. రేపటి నుంచి ముందు నేనే ఇస్తాను. తిరిగి ఇవ్వడానికి ఆయనకు నంబరు గుర్తుండక్కర్లేదు.