గంగవ్వ వద్దన్న పరీక్ష

నాందేడ్, ఆగస్టు 1974
సోమవారం రాత్రి

నిద్ర రావడం లేదు. గంగవ్వ రేపు పనికి వస్తుందా రాదా అన్నదే మనసులో తిరుగుతోంది.

మధ్యాహ్నం దెగ్లూర్ నుంచి వదిన వచ్చింది. తనకు షుగర్ ఉందని డాక్టర్ చెప్పాడట. చక్కెర లేని చాయ్ కావాలని పక్కింటికి కూడా వినపడేలా అడిగింది. గంగవ్వ గిన్నెలు తోముతూ మాటిమాటికీ లేచి నీళ్లు తాగుతోంది. కాలి మీది పుండు ఎన్నాళ్లయినా మానడం లేదు. "నువ్వు కూడా దవాఖానాలో మూత్రం పరీక్ష చేయించుకో" అన్నాను.

వదిన పకపకా నవ్వింది. "జొన్నరొట్టె తినేదానికి షుగరా! అది కూసోని తినేటోళ్ల రోగం. దీనికి షుగరుంటే నీ చక్కెర డబ్బా సూస్కోవాలె, సుశీలా."

గంగవ్వ నవ్వలేదు. పోయేటప్పుడు గుమ్మం దగ్గర ఆగింది. "పరీక్ష వద్దు బాయీ. షుగరున్నదంటే మీ చక్కెర నేనే బుక్కిన్నంటరు. మల్ల నన్నెవలు పనికి పిలుస్తరు?"

చక్కెర తిన్నందుకే వచ్చే రోగం కాదని ఎంత చెప్పినా తల అడ్డంగానే ఊపింది. నేను చదివింది చరిత్ర, వైద్యం కాదు. అది షుగరేనని నాకు మాత్రం ఏం తెలుసు? కాకపోతే మంచిదే. అయితే మాత్రం ఆ కాలు...

రేపు వస్తే, ఇద్దరం కలిసే చేయించుకుందామంటాను. నాకు లేదని, ఆమెకు ఉందని తేలితే? మా ఇంట్లో చక్కెర తగ్గలేదని గల్లీ అంతా తిరిగి చెప్పాలి. చెబుతాను. నమ్ముతారా?