బూటు మడమ మీద మధ్యాహ్న గంట

తపస్సుకాలం, మూడో వారం
మధ్యాహ్న జపం అయ్యాక

నా చిట్టితల్లికి,

క్రీస్తునాథుని చల్లని నీడలో నువ్వూ, పసిదీ సుఖంగా ఉండాలని కోరుకుంటూ మీ నాన్న రాసేది. ఇక్కడ నేను క్షేమం. మోకాళ్లు మాత్రం నా మాట వినడం మానేశాయి. మీ అమ్మే ఉంటే, నువ్వెవరి మాట విన్నావు గనక అవి వింటాయి అనేది.

నీ ఉత్తరం అందింది. సైనికులు అల్లుణ్ణి పట్టుకుపోయినప్పటి నుంచి జపమాల ముట్టుకోబుద్ధి కావడం లేదన్నావు. వాళ్లని క్షమించమని ఎవరైనా వస్తే మొహమ్మీదే తలుపేస్తానని కూడా రాశావు. నేనేమీ అననమ్మా. మన చెప్పుల కొట్టు కబుర్లు చెబుతాను, విను.

సైనికులు గుడికి తాళం వేసి, గంట మోగితే మోగించినవాణ్ణి తీసుకుపోతామన్నారు కదా. ఇన్నేళ్లు గంట తాడు లాగిన చేతులు ఊరుకుంటాయా? పన్నెండయ్యేసరికి ఒకటే దురద. ఓ రోజు ఎవరి బూటుకో మేకులు దిగ్గొడుతూ నాకు తెలియకుండానే కొట్టేశాను. మూడు దెబ్బలు, ఆగి మూడు, ఆగి మూడు, ఆఖర్న తొమ్మిది. మరియమ్మని తలుచుకునే త్రికాల జపం గంట! తలెత్తి చూస్తే వీధంతా నీళ్ల అడుగున ఉన్నట్టు నిలిచిపోయింది. రొట్టెలాయన పిండి చేతులతో, దర్జీ పళ్ల మధ్య సూదితో. కిటికీలో దుప్పటి ఆరేస్తున్న టీచరమ్మ చేతులు అలాగే గాల్లో. తోలు నానేసిన తొట్టిలో ఎండ కూడా కదల్లేదు. పెదాలు మాత్రమే కదిలాయి. అప్పట్నుంచి రోజూ అంతే. రొట్టెలాయనైతే, ముసలోడా, నీ గంట కంటే నీ బూటే శ్రుతిలో ఉందిరా అని ఎగతాళి.

అన్నట్టు, బూటు అరుగుదల చూసి మనిషిని చెప్పొచ్చు, తెలుసా? గుడిలో గురువుగారివి వేళ్ల దగ్గర మడతలు పడి అరిగేవి, మోకరించి మోకరించి. మన అల్లుడివీ అంతే, ఊరికి జపాలు నేర్పే ఉపదేశి కదా. రొట్టెలాయనవి ఎప్పుడూ కొత్తవాటిలా ఉంటాయి. ఈ మాట ఆయనకి రాయకు. సరే, ఎక్కడున్నాను?

ఆఁ. మొన్నామధ్య ఒక సైనికుడొచ్చి, తాతా, మడమ ఊడింది, ఇప్పుడే కావాలి అంటూ ఎదురుగా కూర్చున్నాడు. వాడి బూటు నా ఒళ్లో, తుపాకీ వాడి ఒళ్లో. పన్నెండు కావస్తోంది. వీధి వీధంతా నా సుత్తి వైపే చూస్తోంది. కొట్టకపోతే వీళ్ల జపం పోతుంది, కొడితే నేను పోతాను. రొట్టెలాయన గుమ్మంలోంచి వద్దు వద్దని తలకాయ ఊపుతున్నాడు. క్రీస్తు శిష్యుడిగా బతకడం గురించి దొరికిన పుస్తకమల్లా చదివినవాణ్ణి. ఒక్కదాంట్లోనూ సుత్తి ప్రస్తావన లేదు! చివరికి మరియమ్మ తలపుకొచ్చింది. దేవుని కొడుకుని కంటావని దూత కబురు తెచ్చినప్పుడు ఆ పిల్లకి మాత్రం భయం వెయ్యలేదా? భయపడుతూనే సరే అంది. నేనూ భయపడుతూనే కొట్టాను. వాడి మడమ మీదే.

మూడు. మళ్లీ మూడు. మూడో విడత దగ్గర సుత్తి ఆగిపోయింది. వాడు తల వంచుకుని, నెమ్మదిగా, ఆపకు తాతా, మా అమ్మ ఈ మూడో విడతకే మోకాలు వంచేది అన్నాడు. తుపాకీ కింద పెట్టి, ఒంటికాలి బూటుతో లేచి, వంచాడు. మిగతావి ఎలా కొట్టానో నాకు తెలీదు. తొట్టిలో ఎండ మళ్లీ కదిలింది.

ఆ తర్వాత వాడు బాగున్న బూటే పట్టుకుని రోజూ వచ్చేవాడు.

నీకు జపం రాకపోతే పోనీలే తల్లీ. పన్నెండింటికి ఊరికే నిలబడు, చాలు. నీ వంతు మేమిక్కడ చెబుతున్నాం. పసిదానికి ముద్దులు.

నీ తలమీద చెయ్యి పెట్టినట్టే అనుకో,
నాన్న

తా.క. ఈ ఉత్తరం తెచ్చిన మనిషి ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు కదా? వాడేనమ్మా. ఆ సైనికుడి బట్టలు వదిలేసి వచ్చాడు, బూట్లు మాత్రం అవే. ఆ రోజు అల్లుడి భుజం మీద చెయ్యేసి బండెక్కించింది కూడా వాడే. నా దగ్గర చెప్పుకుని ఏడ్చాడు. అల్లుడు బతికే ఉన్నాడు. ఎక్కడన్నది కాగితం మీద పెట్టకూడదు, వాడే నీకు చెబుతాడు. కానీ అడిగేముందు మంచినీళ్లివ్వు తల్లీ. చెప్పాక ఇస్తే అది కూలి అవుతుంది.