ఫ్రిజ్‌లో మామిడి బీరు

ఆదివారం రాత్రి, అనంతపురం

మా వీధిలో బ్రాందీ షాపు వద్దని ఈ సాయంత్రం ఆడవాళ్లందరి ముందు నేనే మాట్లాడాను. టీచరమ్మ చెబితే వింటారని నన్ను నిలబెట్టారు. చప్పట్లు కూడా కొట్టారు.

నేనూ మా ఆయనా బెంగళూరు వెళ్లి, అక్కడి చిన్న బ్రూవరీల్లో కాచే క్రాఫ్ట్ బీర్లు రుచి చూసి వస్తుంటామని వాళ్లకు తెలియదు. వానాకాలంలో రాగుల బీరు, చలికి కాఫీ వాసన వేసే నల్ల బీరు, ఎండాకాలం మామిడిది. ఆ మామిడి బీరంటే నాకు ప్రాణం. నిన్న తెచ్చిన సీసాలు ఫ్రిజ్‌లోనే ఉన్నాయి.

మీటింగయ్యాక పక్కింటి మరియమ్మ నాతోపాటు ఇంట్లోకి వచ్చింది. తాగొచ్చిన మొగుడు కొట్టిన దెబ్బకు ఆమె చెయ్యి ఇంకా వాచే ఉంది.

“గొంతు ఎండిపోతాండాది మేడమ్, సల్లనీళ్లు ఇయ్యండి” అంటూ ఫ్రిజ్ వైపు నడిచింది.

గబుక్కున అడ్డం నిలబడ్డాను. “ఫ్రిజ్ చెడిపోయింది మరియమ్మా” అని కుండలో నీళ్లు ముంచి ఇచ్చాను.

“మా కోసరం అంత బాగా మాట్లాడినారు. మా ఇంటాయనకు ఫ్రిజ్జులు రిపేరు చేసే పనే కదా, రేపు పొద్దున్నే తాగకముందే పంపిస్తా. దుడ్లు వద్దులెండి” అంది.

సరేనన్నాను.

మా ఆయన విని నవ్వి, సీసాలు దాచేస్తే సరిపోతుందన్నారు. కానీ చల్లగా నడుస్తున్న ఫ్రిజ్‌ను మరియమ్మ మొగుడికి ఎలా చూపించను? ఇప్పుడే వంటింట్లోకి వెళ్లి, ప్లగ్గు ఊడదీసి, కత్తెరతో వైరు కోసి వచ్చాను.