కుర్చీ మీది కోటు

మోక్పోలో ఉన్న సూన్‌బోక్ అక్కకి,

నీ చేతులెలా ఉన్నాయి? మన మర్దన వృత్తిలో ఒంట్లో ఎలా ఉందని ఎవరూ అడగరు, చేతులెలా ఉన్నాయనే అడుగుతారు. నావి బాగానే ఉన్నాయి. అదే నా ఏడుపు. నిజంగా పనిచేసే చేతులైతే ఈపాటికి బొటనవేళ్ళు వాచి, ఈ బ్రెయిలీ చుక్కలు గుచ్చడం కూడా కష్టమయ్యేది.

సియోల్లో పెద్ద కంపెనీలో చేరానని మన శిక్షణ కేంద్రం వాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయావు. నిజం ఇవాళ చెబుతున్నాను. ఉద్యోగుల ఒత్తిడి తగ్గించడానికంటూ పన్నెండో అంతస్తులో నాకో గది ఇచ్చారు. మెత్తటి మంచం, వేడి తువ్వాళ్ళు, వాగు పారుతున్నట్టు ఏదో సంగీతం. మొదటిరోజు డైరెక్టరుగారు నా పక్కన నిలబడి ఫొటో దిగారు. బాగా వచ్చిందట, నాకేం తెలుస్తుంది! ఆ తర్వాత ఆ మంచం మీద పడుకున్నదెవరు? డైరెక్టర్లు, వాళ్ళ సలహాదారులు. మధ్యాహ్న భోజనం అరగడానికి వచ్చే వీపులు. పక్క హాల్లో లెక్కల విభాగంవాళ్ళు ఎనభైమంది పొద్దస్తమానం తెరల ముందు వంగి ఉంటారు. నా దగ్గర సమయం రాయించుకుంటారు, తీరా వేళయ్యేసరికి రద్దు చేసుకుంటారు.

ఎందుకంటావా? లేస్తే కనబడతారు. అంతే. ఆరింటికి పని ముగుస్తుందని గోడ మీద రాసి ఉందట. విభాగం పెద్ద ప్యో సార్ లేవందే ఎవరు లేస్తారు?

వాళ్ళలో హన్‌బ్యోల్ అనే పిల్ల ఒకసారి వచ్చింది. "టీచరుగారూ, బాత్రూమ్‌కని చెప్పి వచ్చానండీ. ఐదు నిమిషాల్లో ఏమన్నా అవుతుందా?" అంది, నవ్వుతూనే. ఇక్కడందరూ నన్ను టీచరనే పిలుస్తారు. మెడ మీద చెయ్యి వేసి, వెనక్కి తీసేసుకున్నాను అక్కా. అది కండ కాదు, పలక. ఆ పలక కింద నరం కొట్టుకుంటోంది, గోడ అవతలి నుంచి ఎవరో తలుపు తడుతున్నట్టు. ఇంత మోస్తూ మనిషి ఎలా నవ్వుతుంది? మళ్ళీ రమ్మన్నాను. "ప్యో సార్ కుర్చీ సరిగ్గా గుమ్మానికి ఎదురుగా ఉంటుందండీ," అని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

నన్నెందుకు పెట్టుకున్నారు? ఇంతమంది వికలాంగులకి ఉద్యోగాలివ్వాలని చట్టం ఉంది గనక. మెడలు విరిచేదీ వాళ్ళే, మెడలు నిమిరామని చెప్పుకునేదీ వాళ్ళే. ఆ చెప్పుకోవడానికి సాక్ష్యం నేను! ఒప్పుకోను. శుక్రవారం రాజీనామా ఇచ్చేస్తాను. ఇచ్చేముందు ఆ ప్యో సారుని అందరి ముందూ అడిగేస్తాను. కోప్పడకు. కోప్పడినా ఆగను.

నీ
మాల్‌సూక్


అక్కా, నా బంగారు అక్కా,

"నీ నోటితో శిక్షణలో వార్డెన్ని ఏడిపించావు, ఇప్పుడు సియోలు మొత్తాన్నీ ఏడిపిస్తావా?" అని తిట్టావు. తిట్టు బాగుంది, దాచుకున్నాను. ముందు జరిగింది విను.

శుక్రవారం ఆరు దాటాక కర్ర పట్టుకుని హాల్లోకి వెళ్ళాను. కీబోర్డుల చప్పుడు రేకుల మీద వానలా ఉంది. నేను నడిచినచోటల్లా వాన సన్నబడింది.

"ప్యో సార్ కుర్చీ ఎక్కడ?"

చివరికి హన్‌బ్యోల్ గొంతు: "నేరుగా నాలుగడుగులండీ... కానీ టీచరుగారూ..."

కానీలు వినే స్థితిలో లేను. కుర్చీ చేతికి తగలగానే మొదలెట్టాను. "సార్, ఒత్తిడి భుజాల్లో ఉండదు, ఈ కుర్చీలో ఉంది. మీ పిల్లల్ని లేవనివ్వకుండా నాకు ఆ మెత్తటి మంచం దేనికి? మీరు దొర్లడానికా?" ఇంకా చాలా అన్నాను, నీకు రాయడానికి సిగ్గేస్తోంది. "మాట్లాడరేం? గుడ్డిదానితో మాట్లాడితే హోదా తగ్గుతుందా? సరే, మీ భుజాలనే అడుగుతాను," అని రెండు చేతులూ వేశాను.

భుజాలు లేవు.

కోటు ఉంది. మంచి ఉన్ని కోటు, కుర్చీకి తొడిగి ఉంది. లోపల మనిషి లేడు.

ఎవరో ఆపుకోలేక ముక్కుతో నవ్వారు.

"ఏడీ ఈయన?"

"మూడింటికే వెళ్ళిపోయారండీ."

"మరి మీరెందుకు కూర్చున్నారు?"

వెనక నుంచి నా ఈడు మనిషెవరో అన్నాడు: "కోటుంది కదమ్మా."

"కోటు మిమ్మల్ని చూస్తుందా?"

"కోటు చూడదు. కోటుండగా లేచినవాణ్ణి మేం చూస్తాం."

అక్కా, ఇన్నాళ్ళూ తిట్టింది ఎవర్ని? ఎనభైమందిని కట్టిపడేసిన వస్తువు నా చేతిలో ఉంది. బరువెంతనుకున్నావు? తడిసిన తువ్వాలంత కూడా లేదు.

కోటు తీసి భుజాన వేసుకున్నాను. "ఇది ఇంటికెళ్తోంది. దీంతోపాటు వచ్చేవాళ్ళు రండి," అని గుమ్మం వైపు నడిచాను. నా కర్ర చప్పుడొక్కటే. అయిపోయింది, పరువు పోయింది అనుకున్నాను. గుమ్మం దగ్గర వినబడింది, ఒక కుర్చీ వెనక్కి జరగడం. తర్వాత ఇంకోటి. ఆ తర్వాత, ఎలా చెప్పను, హాలు హాలంతా లేచింది. అన్ని కుర్చీల చక్రాలు ఒక్కసారి దొర్లితే ఆ మోత పాదాల్లోంచి పొట్టలోకి ఎక్కుతుంది. ముప్పై ఏళ్ళుగా ఒక్కో వీపునే పట్టుకుని సరిచేస్తున్నదాన్ని, ఇన్ని వీపులు ఒక్కసారి నిటారుగా లేవడం ఎప్పుడు విన్నాను? ఏడ్చేశాను. పట్టుకుని ఏడవడానికి ఆ కోటే దొరికింది.

సోమవారం ప్యో సార్ నా గదికే వచ్చాడు. నేను పోట్లాటకి సిద్ధంగానే ఉన్నాను.

"నా కోటు మీ దగ్గరుందట."

"ఉంది. దానికి మీకంటే మర్యాద ఎక్కువ, మూడింటికి పారిపోదు."

నవ్వలేదు. తలుపు మూసి, మంచం మీద బోర్లా పడుకున్నాడు. ఆ మెడ హన్‌బ్యోల్ మెడకి తాత! "మెడకి సూదులు వేయించుకోవడానికి వెళ్తున్నానండీ, వెనక వీధి క్లినిక్కుకి," అన్నాడు దిండులోకి.

"పక్కగదిలో నేనున్నానుగా!"

"ఇక్కడికొస్తే పై అంతస్తువాళ్ళకి తెలుస్తుంది. ఆ కోటు మా పిల్లల కోసం కాదండీ, డైరెక్టర్ల కోసం."

నేను జాలిపడ్డానని అనుకోకు. "మీ భయానికి ఎనభైమందిని కాపలా పెట్టారన్నమాట," అంటూ గట్టిగా నొక్కాను. "అబ్బా!" అన్నాడు. మాటకో, నొక్కుడికో. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు. "ఆ కోటు ఇక్కడే ఉండనివ్వండి. మీ తలుపు వెనక కొక్కెం ఉందిగా?"

అప్పటినుంచి కుర్చీ బోడిగా ఉంటోంది, ఆరు కాగానే హాల్లో చక్రాలు దొర్లుతున్నాయి. దీన్ని గెలుపని రాయను. మా పైన ఇంకా అంతస్తులున్నాయి, వాటిలోనూ కుర్చీలున్నాయి, వాటి మీదా కోట్లుంటాయి. అందుకే రాజీనామా చించేశాను. పోట్లాట వదిలి ఎక్కడికి పోతాను?

ఇవాళ నాలుగింటికి హన్‌బ్యోల్ వచ్చింది. "బాత్రూమ్‌కని చెప్పావా?" అన్నాను. "లేదండీ. మీ దగ్గరికనే చెప్పి వచ్చాను," అంది. ఆమె వెనక ఇంకా ముగ్గురు నిలబడి ఉన్నారు.

బొటనవేళ్ళు వాచాయి అక్కా. చుక్కలు అక్కడక్కడ సరిగ్గా దిగకపోతే సర్దుకుని చదువుకో.

నీ
మాల్‌సూక్