మగపిల్లవాడికి జీరో టికెట్టు

డిపో మేనేజరు గారి సముఖమునకు,
యాప్రాల్ నివాసి, విశ్రాంత స్టోర్ కీపరు వెంకటరత్నం వ్రాసుకొను అర్జీ.

విషయం: నా మనవడిని ఆడపిల్లగా మార్చుచున్న తమ కండక్టరుపై విచారణ కోరుట గురించి.

అయ్యా,

1. నా మనవడు పృథ్వీకి ఆరేళ్లు. ఆటిజం ఉన్నదని డాక్టర్లు ధ్రువీకరించినారు. బస్సు టికెట్లంటే ప్రాణం. తిండి మానును గాని టికెట్టు వదలడు. కత్తెర చప్పుడుకు చెవులు మూసుకొని ఏడ్చును కనుక జుట్టు భుజాలదాకా పెరిగినది.

2. ఆ జుట్టు చూసి, సికింద్రాబాదు బస్సులో కండక్టరు ఝాన్సీలక్ష్మి గారు వాడిని "పాపా" అని పిలిచి, ఆడవారికి ఉచితముగా ఇచ్చు జీరో టికెట్టు చేతిలో పెట్టినారు. మగపిల్లవాడని చెప్పి నేను హాఫ్ టికెట్టు తీసుకొంటిని. నాటి నుండి వాడు "నేను పాపను" అనుచున్నాడు. ముందున్న ఆడవారి సీట్లలోనే కూర్చొనుచున్నాడు. మొన్న ఒకావిడ లేపగా స్టేషను వచ్చేదాకా తల కడ్డీకేసి కొట్టుకున్నాడు.

3. ఇది పొరపాటని నేను నమ్మను. నిలదీయగా కండక్టరు, "జుట్టు చూసి పాపనుకున్న సార్. గింతదానికి పరేషాన్ ఎందుకు?" అన్నది. అంత తేలిగ్గా అన్నదంటేనే ఏదో ఉన్నది. పక్కనే ఉన్న నా కోడలు, వాడి తల్లి దేవిశ్రీ కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నది. ఆమెకూ ఇందులో భాగమున్నదేమో విచారించగలరు. థెరపీ టీచరు ప్రిసిల్లా గారిని అడిగితే, టికెట్ల పిచ్చి వలన కావచ్చు, కాకపోవచ్చు, తొందరపడి ఏదీ తేల్చవద్దు అన్నారు. తెలిసి దాచువారే అట్లు మాట్లాడుదురు.

4. నా లెక్క ఒకటే. జీరో టికెట్టు ఆడపిల్లలకే వచ్చును గనుక వాడు ఆడపిల్లనంటున్నాడు. మగపిల్లవాడిగానే వాడికొక జీరో టికెట్టు ప్రత్యేక అనుమతితో ఇప్పించినచో ఈ మాట మానును. చార్జీ నేను కట్టెదను. అయ్యా, బడి తెరిచేలోగా మానాలి. తోటి పిల్లలు వీడిని బతకనివ్వరు. నాకు నిద్ర పట్టడం లేదు.

చిత్తగించవలెను, విచారించవలెను, కండక్టరు మాట మాత్రం నమ్మకుండవలెను.

ఇట్లు,
అందరినీ కనిపెట్టుచున్న తమ విధేయుడు,
వెంకటరత్నం

తా.క.: అర్జీ కవరులో పెడుతుండగా నా భార్య సీతారత్నం తన సంచిలో మిగిలిన జీరో టికెట్లన్నీ పృథ్వీకి ఇచ్చేసింది. మంచం పొడుగునా వరుసగా పేర్చాడు. ఇన్ని వచ్చాయిగా, ఇప్పుడు నువ్వు అబ్బాయివే కదా అని అడిగాను. తలెత్తకుండానే, "టికెట్లు బాగున్నాయి తాతా. నేను పాపనే" అన్నాడు.

సార్, అనుమానించడానికి నాకిక ఎవరూ మిగల్లేదు. భయంగా ఉంది. నాలుగో విన్నపం కొట్టివేయండి. దాని బదులు ఒక్క సాయం చేయండి. రేపు పది గంటల బస్సులో పృథ్వీ ముందు సీట్లో కూర్చుంటాడు. ఎవరూ లేపకుండా చూడమని ఆ ఝాన్సీలక్ష్మి గారికి చెప్పండి.