రోలు పీకే రోజు

లచ్చిమి వాళ్లమ్మా,

నా రాత వంకర, అక్షరాలు తప్పుతాయి, కోపం చేసుకోవద్దు. నువ్వు పోయి రేపటికి ఏడాది. ఇల్లు అమ్మేశాను. కడపలో రిజిస్ట్రీ రెండుసార్లు వాయిదా పడింది. రెండుసార్లూ సామాను బండికెత్తి దించాను. బండి మస్తాను నవ్వాడు.

"రిజిస్ట్రీ అయ్యేదాకా రోలు పీకొద్దు పెద్దప్పా. కొనేటోళ్లు మాట తప్పితే మళ్లా ఈడనే కదా నువ్వు నూరుకునేది!"

అందుకే నువ్వు పాతించిన రోలు కదిలించలేదు. రోజూ నా ఒక్కడికే ఊరిబిండి పచ్చడి నూరుకున్నాను.

ఈరోజు రిజిస్ట్రీ అయిపోయింది. తెల్లారితే మస్తాను గడ్డపార తెస్తాడు. కొన్నామె మాత్రం, "శానా నున్నగా ఉండాది, ఈడనే ఉండనీ మామా" అంది. నీ చేతికి అరిగిందని నేను చెప్పలేదు.

రోలు ఆమెకు వదలాలా, మన బిడ్డ లచ్చిమి ఇంటికి నాతో తీసుకుపోవాలా? బండి వచ్చేలోగా జవాబు రాయి.